ఏ సమస్యా కనిపించలేదు

జూన్ 3

కారు మళ్ళీ ఆగింది. అత్తయ్యని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే, సర్కిల్ దగ్గర మలుపు తిరుగుతూ తిరుగుతూ గుటుక్కుమంది. స్టీరింగ్ బిగుసుకుపోయింది. వెనకనుంచి హారన్ల మోత. ఒకడు కిటికీ దించి మరీ, "ఇంట్లో నేర్చుకుని రోడ్డు మీదకి రండమ్మా" అనేసి పోయాడు. కొని మూడు నెలలు కాలేదు, సీట్ల మీద ప్లాస్టిక్ వాసన కూడా పోలేదు.

అత్తయ్య కంగారుగా దిగి ఫుట్‌పాత్ మీద నిలబడింది. తాళం తిప్పాను. ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

"ఏమైనా నొక్కావా?" అంది.

"నేనేం చెయ్యలేదు అత్తయ్యా."

"ఊఁ" అంది. ఆ ఊఁ కొట్టడంలోనే ఉంది అంతా.

జూన్ 4

సర్వీస్ సెంటర్. అద్దాల గది, కాఫీ మిషను, గోడల నిండా కారు పక్కన నిలబడి పళ్ళికిలిస్తున్న కుటుంబాలు. నా కేసు చూసే అతనికి నవ్వులాయన అని పేరు పెట్టుకున్నాను. నడిరోడ్డు మీద బండి చచ్చిపోయింది బాబూ అన్నా నవ్వే. తను నడుపుతూ, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు తిప్పాడు. బడికి ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు పిల్లలుంటారే, అంత బుద్ధిగా నడిచింది కారు.

సాయంత్రం కడిగి, తుడిచి, సెంటు కొట్టి ఇచ్చారు. "ఏ సమస్యా కనిపించలేదు మేడమ్." పోయినసారీ ఇదే మాట.

మా ఆయన ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వచ్చారు. మేనేజరుతో లోపలి గదిలో ఆయనే మాట్లాడారు. "నువ్వు టెన్షన్ పడకు, చెప్పాల్సింది చెప్పాను" అన్నారు బయటికొచ్చి. ఈ ఇంట్లో నా వైపు మాట్లాడేది ఆయనొక్కరే. వచ్చేటప్పుడు నవ్వులాయన ఆయనకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. నాకివ్వలేదు. వాడి సంగతేదో చూడాలి.

జూన్ 8

ఆదివారం కదా, ఆయన నడిపారు. ముందు సీట్లో వాళ్ళమ్మ, మహారాణిలా. వెనక నేను. ఊరు దాటి వెళ్ళొచ్చాం, ఒక్కసారీ ఆగలేదు. "చూశావా, ఎంత బాగా పోతోందో!" అన్నారు. నా మనసు కుదుటపడాలనే అన్నారు.

నేను నడిపితే మాత్రం ఆవిడ వెనక కూర్చుంటుంది. ఎడమవైపు, డోరు పిడి పట్టుకుని. నేనేదో టాక్సీ డ్రైవర్ని అయినట్టు. కారు నాది. నా జీతంతో నేను కొన్నది. కొడుకైతే పక్కన, కోడలైతే వెనక! సరే, కానీ.

జూన్ 13

కట్టుడు పళ్ళు చేసే మా ల్యాబ్‌లో పని ఎక్కువ. రెండు పై సెట్లు, ఒక కింది సెట్టు, మూడు తొడుగులు. మైనం చెక్కుతూ కారు గొడవ చెప్పాను. నా పక్క బల్ల మీద పనిచేసే ఆవిడ వాళ్ళన్నయ్యకీ ఇలాగే అయిందట. కొత్త బండి ఒకే రోగంతో పదేపదే రిపేరుకి వెళ్ళినా నయం కాకపోతే, వారంటీ తగాదాలు తీర్చడానికి మధ్యవర్తి ఉంటారట. కోర్టూ గీర్టూ అక్కర్లేదట. రెండు పక్షాల మాటా విని, బండి మార్చమనో డబ్బు వెనక్కి ఇమ్మనో చెప్తారట.

ఇంటికొచ్చి ఆయనతో అన్నాను. "అంత దూరం ఎందుకులే" అన్నారు.

జూన్ 17

మళ్ళీ. కూరగాయల మార్కెట్టు మలుపులో.

జూన్ 18

ఒక సంగతి తట్టింది.

ల్యాబ్‌కి రోజూ నేనొక్కదాన్నే వెళ్తాను, వస్తాను. ఒక్కనాడూ ఆగలేదు. ఆగిన ప్రతిసారీ వెనక అత్తయ్య ఉంది. ఏ పుట్టలో ఏ పాముందో ఎవరికి తెలుసు? మొదట్నుంచీ ఆవిడకి ఈ కారు ఇష్టం లేదు. "వాడికి బండి ఉందిగా, నీకెందుకు" అని నాలుగిళ్ళకి వినపడేలా అంది.

ఆవిడ బాత్రూంలో ఉన్నప్పుడు చేతిసంచి వెతికాను. కళ్ళజోడు, మాత్రలు, జేబురుమాలు, ఒక బుల్లి రేడియో. అది ఎప్పుడూ గుర్రుమంటూనే ఉంటుంది. కారులో కరెంటు సామానంతా దీనివల్ల ఏమైనా... నాకే నవ్వొచ్చింది. కానీ రేడియో తీసి బీరువాలో చీరల కింద పెట్టేశాను.

జూన్ 20

ఆవిడ ఇల్లంతా రేడియో వెతుకుతోంది. నేనూ కాసేపు వెతికాను.

జూన్ 23

రాయలేను.

జూన్ 26

రాస్తాను.

ఆస్పత్రికే బయల్దేరాం, కళ్ళ పరీక్షకి. రేడియో లేదు. వంతెన దిగి కుడివైపు తిరుగుతున్నాను. గుటుక్కు. వెనక పాలవ్యాను. వాడు బ్రేకు వేశాడు గానీ ఆగలేకపోయాడు. పెద్ద చప్పుడు. వెనక్కి తిరిగి చూస్తే అత్తయ్య ముందు సీటుకి, డోరుకి మధ్య ఇరుక్కుని ఉంది, చెయ్యి వింతగా వంగి. అరవలేదు. "నీకేం కాలేదుగా?" అని నన్నే అడిగింది.

మణికట్టు విరిగింది. కట్టు వేశారు.

ఆడపడుచు వచ్చింది. వార్డులో అందరూ వినేలా, "వదినకి అమ్మ మీద కోపముంటే నోటితో తీర్చుకోవాలి గానీ, రోడ్డు మీదా?" అంది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నేల చూశారు. తర్వాత వరండాలో నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే, నేర్చుకునేటప్పుడు ఎవరికైనా తప్పులు జరుగుతాయి" అన్నారు. ఎంత మంచివారు! ఇంకొకరైతే తిట్టేవారు.

క్లచ్ మీదున్న నా కాలే నన్ను మోసం చేసిందేమో. ఆవిడంటే నాకున్న మంట ఆ కాల్లోకి దిగిందేమో. ఎవరికి తెలుసు. అత్తయ్య మంచం పక్కన కూర్చుని, "తప్పు నాదే అత్తయ్యా" అని ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు, తిట్టలేదు. నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ చూపేమిటో నాకు అంతు చిక్కలేదు.

జూలై 2

వెనక బంపరు మార్చి కారు ఇచ్చారు. "మిగతా అంతా చూశాం మేడమ్, ఏ సమస్యా కనిపించలేదు." ఆయన తాళం తన జేబులో వేసుకున్నారు. "కొన్నాళ్ళు ముట్టుకోకు."

జూలై 6

ఆయన పడుకున్నారని మధ్యాహ్నం తాళం తీసుకుని వెనక ఖాళీ స్థలంలోకి వెళ్ళాను. నేనేం చేశానో నాకు తెలియాలి. మొదటి గేరులో పెట్టి, క్లచ్ కావాలనే టక్కున వదిలాను. కారు ఎగిరిపడి, ముందుకి తన్ని, ఆగింది. నా తల ఊగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే, కుదుపు.

ఆ రోజు కుదుపు లేదు. ఒక్క రోజూ లేదు. నడుస్తూ నడుస్తూ ప్రాణం పోయినట్టు నిశ్శబ్దంగా ఆగేది. ఇది నా కాలు పని కాదు. కాదు!

స్టీరింగ్ మీద తలపెట్టి కాసేపు ఏడ్చాను. ఈసారి కోపంతో.

జూలై 7

మధ్యవర్తిత్వానికి అర్జీ పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

జూలై 15

అర్జీ వాళ్ళకి చేరినట్టుంది, నవ్వులాయన ఇంటికే వచ్చాడు! ఇంట్లోనూ తెలిసిపోయింది. వారంటీ ఇంకో ఏడాది పొడిగిస్తారట, కొత్త సీటు కవర్లు వేస్తారట. "బండి సంతృప్తిగా ఉంది" అని నేనొక సంతకం పెడితే చాలట. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ? తప్పు లేకపోతే కవర్లెందుకు?

"పెట్టెయ్యి, గొడవ వదిలిపోతుంది" అన్నారు ఆయన. ఆయనకి నా ఆరోగ్యం మీద బెంగ, నిద్ర పట్టడం లేదని చూస్తున్నారుగా. అత్తయ్య కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వింటూ, "సీటు కవర్లు ఏ రంగు?" అని అడిగింది. ఆవిడ ఎవరి వైపో అర్థం కాదు.

నేను సంతకం పెట్టలేదు.

జూలై 24

ఒక మేడ మీద గది. ప్లాస్టిక్ కుర్చీలు, కిర్రుమనే ఫ్యాను, బల్ల మీద నీళ్ళ జగ్గు. ఇంత చిన్న గదిలోనా నా బతుకు తేలేది అనుకున్నాను. మధ్యవర్తి పెద్దావిడ, తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. నేను చెప్పిందంతా అడ్డురాకుండా విన్నది. అత్తయ్య సాక్షిగా వచ్చింది, మా ఆయన తోడుగా.

తర్వాత కంపెనీ తరఫున వచ్చినాయన లేచాడు. బండిలో లోపం లేదు, నడపడంలో లోపం అన్నాడు. "మరి ఇన్నిసార్లు వస్తే లోపల విప్పి ఎందుకు చూడలేదు?" అని మధ్యవర్తి అడిగింది. ఆయన నవ్వులాయన్ని లేవమన్నాడు. నవ్వులాయన మొహంలో మొదటిసారి నవ్వు లేదు.

"మేడమ్ గారి హస్బెండే చెప్పారండి. మొదటిసారి బండి వచ్చినప్పుడే ఫోన్ చేశారు. మా ఆవిడ కొత్తగా నేర్చుకుంది, క్లచ్ టక్కున వదిలేస్తుంది, బండికేం లేదు, ఆవిడ తృప్తి కోసం ఓసారి చూసినట్టు చేసి పంపించెయ్యండి అన్నారు. రెండోసారి మేనేజరు గదిలో కూడా అదే అన్నారు. అందుకని మేం విప్పలేదండి."

ఫ్యాను కిర్రుమంటోంది. "నిజమేనా అండీ?" అంది మధ్యవర్తి మా ఆయన్ని.

ఆయన నోట్లో నీళ్ళు నమిలారు. "అంటే... అప్పట్లో అలా అనిపించిందండీ."

వాయిదా వేశారు. బండి నడిపి చూస్తామన్నారు.

జూలై 24, ఇంటికొచ్చాక

చెప్పాడట. చూసినట్టు చేసి పంపించెయ్యమన్నాడట!

ఇదంతా మొదట్నుంచీ తిరగేసి చదివాను. నా వైపు మాట్లాడేది ఆయనొక్కరే అని నా చేత్తో నేనే రాసుకున్నాను. నవ్వులాయన్ని అనుమానించాను, పాపం ఆ రేడియోని అనుమానించాను. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది.

జూలై 25

"నీ మంచికే చెప్పాను" అన్నారు. "అక్కడ నిన్ను పిచ్చిదాన్ని అనుకుంటారని."

"అక్కడెవరూ అనుకోలేదు. మీరే అనుకున్నారు."

"మరి నేను నడిపితే ఒక్కసారైనా ఆగిందా? చెప్పు. నేనేమనుకోవాలి?"

వాయిదా రోజున ఆ కంపెనీ ఆయన కూడా ఇదే అడుగుతాడు, నేను గుడ్లప్పగించి చూస్తాను, ఆ పెద్దావిడ తల ఊపి నాదే తప్పని తేల్చేస్తుంది. ఇక బతికినంతకాలం అత్తగారి చెయ్యి విరగ్గొట్టిన కోడలిని నేను.

జూలై 29

పొద్దున్న ఒక కింది సెట్టు తిరిగి వచ్చింది. చేసింది నేనే. పళ్ళ డాక్టరు ఫోన్ చేసి, "సెట్టు బాగానే ఉంది, ఆ ముసలావిడే గోల చేస్తోంది" అన్నాడు. ఆవిడ చిగుళ్ళ అచ్చు పోసిన దిమ్మ మీద పెట్టి చూశాను, వెంట్రుక కూడా దూరదు. పోయిన నెలైతే నేనూ ఆవిడదే గోల అనేదాన్ని. ఈసారి మనసొప్పలేదు. డాక్టరు దగ్గరికే వెళ్ళి, ఆవిడ నోట్లో సెట్టు పెట్టి, రంగు కాగితం మధ్యలో పెట్టి గట్టిగా నమలమన్నాను. ఎడమ చివర ఒక్కచోట ముద్దగా నీలం అంటుకుంది. బరువంతా అక్కడే పడుతోంది. బల్ల మీద ఎంతసేపు చూసినా దొరకదు అది. నమిలితేనే.

అరగదీస్తూ అరగదీస్తూ ఆగిపోయాను.

అత్తయ్య ఆయన నడిపితే ముందు కూర్చుంటుంది. నేను నడిపితే వెనక. ఎడమవైపు. సర్వీసు వాళ్ళు నడిపినప్పుడు వెనక ఎవరూ ఉండరు. నేను ఒక్కదాన్నే వెళ్ళినప్పుడూ ఎవరూ ఉండరు. ఆదివారాలు నేను వెనక కూర్చున్నా, నాదేం బరువు, ఊదితే పోయేదాన్ని.

నా అనుమానం సగం నిజమే. ఆవిడే. కానీ ఆవిడ బుద్ధి కాదు, బరువు.

జూలై 29, సాయంత్రం

"అత్తయ్యా, ఒకటి అడుగుతాను, కోప్పడకూడదు."

"అలా అన్నావంటే అది కోపం వచ్చే మాటే."

"కారులో మీరు మళ్ళీ వెనక కూర్చోవాలి. ఎప్పుడూ కూర్చునే చోట."

ఆవిడ కట్టు చెయ్యి వైపు చూసుకుంది. తర్వాత నేను చెప్పిందంతా విన్నది.

"అంటే నా బరువుకి కారు ఆగిందని నలుగురి ముందూ చెప్తావు."

"సీటు కింద ఏదో ఉందంటున్నానండీ."

"సీటు మీద ఉన్నది నేనేగా!"

నాకు ఏడుపొచ్చింది. అప్పుడు అడిగేశాను, ఇన్నాళ్ళుగా కడుపులో ఉన్నది. కొడుకు పక్కన కూర్చుంటారు, నా పక్కన ఎందుకు కూర్చోరని.

"నేను పక్కనుంటే నీకు చేతులు వణుకుతాయి. మొదటిరోజే చూశాను. వాడికి వణకవుగా. వెనక కూర్చుంటే నీ పని నువ్వు చేసుకుంటావని" అంది. ఇంత చిన్న మాట. నేనేమో దాన్ని ఎంత చేశాను!

"ఆస్పత్రిలో తప్పు నాదే అని ఏడ్చావు చూడు, అప్పుడే నాకు అనుమానం వచ్చింది. నిజంగా తప్పు చేసినవాళ్ళు అంత తొందరగా ఒప్పుకోరు" అంది. కట్టు చెయ్యి సర్దుకుని, "సరే, కూర్చుంటాను. ఆ రేడియో మాత్రం ఇచ్చెయ్యి" అంది.

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చీరల కింద నుంచి తీసి ఇచ్చాను.

ఆగస్టు 5

కంపెనీ ఆయన ససేమిరా అన్నాడు. నడిపి చూసేటప్పుడు డ్రైవరూ కస్టమరూ తప్ప ఎవరూ ఉండకూడదట, వాళ్ళ పద్ధతట. "కారు కొన్నది డ్రైవరు ఒక్కడే తిరగడానికి కాదు కదా. ఇంట్లో వాళ్ళు ఎలా వెళ్తారో అలాగే వెళ్దాం" అంది మధ్యవర్తి. నడిపింది వాళ్ళ మెకానిక్కే. పక్కన మధ్యవర్తి. వెనక కుడివైపు నేను, ఎడమవైపు అత్తయ్య. మా ఆయనకి చోటు లేక గదిలోనే ఉండిపోయారు.

ఖాళీ రోడ్డు ఎంచుకున్నారు. తిన్నగా బాగానే పోయింది. ఎడమవైపు తిరిగాం, ఏమీ లేదు. అత్తయ్యని ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చోబెట్టాను, ఇప్పుడు కూడా ఆగకపోతే? అత్తయ్య బాగున్న చేత్తో నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యే వణుకుతోంది.

కుడివైపు మలుపు. అత్తయ్య డోరు వైపు ఒరిగింది. గుటుక్కు.

మెకానిక్ మొహం పాలిపోయింది. "నేనేం చెయ్యలేదండీ!" అని అరిచాడు. "నేనేం చెయ్యలేదు, దానంతటదే ఆగిపోయింది!"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అక్కడికక్కడే వెనక సీటు ఊడదీశారు. కింద, ఇంజనుకి పెట్రోలు తోడే పంపుకి వెళ్ళే తీగ సీటు కమ్మీ కింద నలిగి, పైపొర చిట్లి ఉంది. ఫ్యాక్టరీలో బిగించినప్పుడే ఇరుక్కుందట. పైన బరువు ఆ వైపు ఒరిగినప్పుడల్లా పంపుకి కరెంటు పోతుంది. లేస్తే మళ్ళీ వస్తుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, సీటు ఎత్తి చూసుంటే దొరికేది.

గదిలోకి వచ్చాక మధ్యవర్తి అదంతా మా ఆయనకి కూడా వినిపించేలా చెప్పింది. ఆయన మొహం చూడాలనిపించలేదు. చూసింది వాళ్ళమ్మ.

"నీ పెళ్ళాం మాట ఒక్కసారి నమ్మి ఉంటే నా చెయ్యి విరిగేది కాదురా" అంది. గట్టిగా కూడా అనలేదు. ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

"కొత్త కారు కావాలా, డబ్బు వెనక్కి కావాలా?" అంది మధ్యవర్తి.

"కొత్త కారే తీసు..." అని ఆయన మొదలెట్టారు.

"అడిగింది నిన్ను కాదు" అంది అత్తయ్య.

కొత్త కారే అన్నాను. ఇంకొకటి కూడా అడిగాను. తీర్పులో నా తప్పు లేదని రాయమన్నాను. లోపం ఫలానా అని రాస్తే సరిపోతుంది కదమ్మా అన్నాడు కంపెనీ ఆయన. సరిపోదు అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. మధ్యవర్తి కళ్ళజోడు పెట్టుకుని రాసింది, రాసి పైకి చదివింది: నడిపిన వ్యక్తి తప్పు ఏమాత్రం లేదు. ఇంకోసారి చదవమని అడగాలనిపించింది.

ఆగస్టు 9

ఆడపడుచు ఫోన్. "ఈ కంపెనీలు ఎంత మోసమో చూశావా వదినా!" అంది. చూశాను అన్నాను.

ఆగస్టు 14

ఆయన రోజూ పొద్దున్నే టీ పెట్టి ఇస్తున్నారు. తాగుతున్నాను. క్షమించమని రెండుసార్లు అడిగారు. ఆయన చెడ్డవారు కాదు, తెలుసు. కానీ ఆయన మంచిమాట ఏది విన్నా, వెనకాల ఇంకెవరితో ఏం చెప్పొచ్చారో అని చెవులు రిక్కిస్తున్నాను. ఫోన్లో మాట్లాడుతూ బాల్కనీలోకి వెళ్తే చాలు, చేతిలో పని ఆగిపోతుంది. నాకిది బాగాలేదు.

సెప్టెంబరు 1

కొత్త కారు వచ్చింది. నేనే నడిపాను. అత్తయ్య పిలవకుండానే ముందు ఎక్కి కూర్చుంది, ఒళ్ళో రేడియో. ఆయన వెనక కూర్చున్నారు.

పెద్ద సిగ్నల్ దగ్గర ఆకుపచ్చ పడింది. వెనక హారన్లు. కారు ఎగిరిపడి, ముందుకి తన్ని, ఆగిపోయింది. అత్తయ్య చేతిలో రేడియో జారి కాళ్ళ దగ్గర పడింది.

"అయ్యో, ఇది కూడానా!" అని ఆయన వెనకనుంచి ఒక్క అరుపు. "ఈసారి వాళ్ళని వదిలేది లేదు. ఇప్పుడే ఫోన్ చేస్తా. దీని తీగలు కూడా నలిగాయేమో!" నంబరు నొక్కేస్తున్నారు, వేళ్ళు తడబడుతూ.

"పెట్టెయ్యండి" అన్నాను. "కారుకేం కాలేదు. క్లచ్ నేనే తొందరపడి వదిలేశాను."

ఆయన చెయ్యి ఆగింది. అద్దంలో నా కళ్ళలోకి చూశారు. "నిజంగా?"

"నేను చెప్తున్నాను కదా."

ఇంకేమీ అడగలేదు. ఫోను జేబులో పెట్టుకుని, సీటుకి ఆనుకుని కూర్చున్నారు. నేను తాళం తిప్పాను.